ఆఫీసుకు ఎంత దూరంలో ఉండాలి? హైదరాబాద్‌లో ఇల్లు వెతికేవారికి ఒక పోలిక

కొత్త ఉద్యోగం వచ్చినా, ఆఫీసు మరో చోటికి మారినా, అద్దె ఒప్పందం గడువు ముగిసినా ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే. ఎక్కడ ఉందాం? కొండాపూర్‌లో రెండు పడక గదులకు ఇచ్చే అద్దెతో ఉప్పల్‌లో ఇంతకంటే పెద్ద ఇల్లు వస్తుందని ఒకరంటారు. ఆ అద్దె డబ్బుకు ఇంకొంచెం కలిపితే శంకర్‌పల్లి వైపు సొంత ఇంటి వాయిదాయే కట్టుకోవచ్చని ఇంకొకరంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ ఇంటి నుంచి రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి ఎంత పోతుందో ఇద్దరూ లెక్కలో వేయడం లేదు.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఊళ్ల పేర్లు మార్చుకుంటే ఈ లెక్క విశాఖకూ విజయవాడకూ పనికొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వారానికి ఐదు రోజులు ఆఫీసుకు వెళ్లేవారు, ఒకవైపు ప్రయాణమే ముప్పావు గంట దాటే ఇంటిని వీలైనంతవరకు తీసుకోవద్దు. తప్పదంటే కూర్చునో నిలబడో వెళ్లే ప్రయాణాన్ని ఎంచుకోండి. మీరే స్టీరింగ్ పట్టుకుని, హ్యాండిల్ పట్టుకుని వెళ్లే సుదూర ప్రయాణం అన్నిటికంటే చివరన ఉండాలి. ఎందుకో ఒక్కో దారీ చూస్తూ చెబుతాను.

కిలోమీటర్లను నమ్మొద్దు

2011 జనాభా లెక్కల్లో పని చోటుకు ఎంత దూరం వెళ్తారు, దేని మీద వెళ్తారు అని అడిగారు. ఒక కిలోమీటరు లోపు, రెండు నుంచి ఐదు, ఆరు నుంచి పది, అలా 51 కిలోమీటర్లు, ఆపైన వరకు వర్గాలు పెట్టారు. దేశం మొత్తానికి బొమ్మ గీయడానికి ఆ కొలత సరిపోతుంది. ఇల్లు ఎంచుకోవడానికి మాత్రం సరిపోదు.

కేపీహెచ్‌బీ కాలనీ నుంచి హైటెక్ సిటీకి రోడ్డు మీద ఏడెనిమిది కిలోమీటర్లే. ఉప్పల్ నుంచి రాయదుర్గానికి పాతిక కిలోమీటర్లు. కాగితం మీద చూస్తే ఎవరైనా కేపీహెచ్‌బీయే మేలంటారు. కానీ జేఎన్‌టీయూ కూడలి నుంచి హైటెక్ సిటీ వైపు పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్లే దారి ఎలా ఉంటుందో అక్కడివారికి తెలుసు. వర్షం పడిన సాయంత్రం ఆ ఏడు కిలోమీటర్లకే గంట పట్టవచ్చు. ఉప్పల్ నుంచి మెట్రో మాత్రం ఎండకైనా వానకైనా దాదాపు ఒకే సమయం తీసుకుంటుంది.

అందువల్ల చూడాల్సినవి రెండు. మొదటిది, ఇంటి గుమ్మం నుంచి మీ కుర్చీ దాకా పట్టే మొత్తం సమయం. లిఫ్టు కోసం ఆగడం, సెల్లార్‌లోంచి బండి తీయడం, స్టేషన్ మెట్లు, భద్రతా తనిఖీ, ఆఫీసు ప్రాంగణంలో గేటు నుంచి బ్లాకు దాకా నడక, అన్నీ అందులోకే వస్తాయి. పెద్ద క్యాంపస్‌లలో ఈ చివరి నడకే పది నిమిషాలు ఉంటుంది. రెండోది, చెడ్డ రోజున పట్టే సమయం. తొమ్మిదిన్నరకు తప్పనిసరిగా చేరాల్సినవారు సగటు రోజును నమ్ముకుని బయలుదేరలేరు. 40 నిమిషాల నుంచి 80 నిమిషాల మధ్య ఎంతైనా పట్టే దారి అయితే రోజూ 80 నిమిషాలు ముందే బయలుదేరాలి. కాబట్టి ఆ దారి ధర 80 నిమిషాలే.

ఫోనులోని గూగుల్ మ్యాప్స్‌లో బయలుదేరే సమయాన్ని మీరే పెట్టి చూడవచ్చు. మంగళవారం ఉదయం ఎనిమిదిన్నర అని పెట్టండి. ఇంత నుంచి ఇంత వరకు అని రెండు అంకెలు చూపిస్తుంది. పెద్ద అంకెను రాసుకోండి. తిరుగు ప్రయాణానికి సాయంత్రం ఆరున్నర పెట్టి మళ్లీ చూడండి. ఇల్లు చూపించే ఏజెంట్లు ఆదివారం మధ్యాహ్నం రమ్మంటారు. ఆ వేళ ఏ ఇల్లయినా ఆఫీసుకు దగ్గరే. నచ్చిన ఇంటి నుంచి ఒక్క పనిదినం ఉదయం మీరే స్వయంగా ఆఫీసుకు వెళ్లి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

మీ గంట ఎంతకు అమ్ముతున్నారు?

ఇప్పుడు అసలు లెక్క. కొండాపూర్‌లో ఒక ఇల్లు అనుకుందాం. అద్దె 30,000 రూపాయలు, ఆఫీసుకు 25 నిమిషాలు. దూరంగా మరో ఇల్లు. అద్దె 18,000, ఆఫీసుకు గంటన్నర. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు, మీ అంకెలు మీరు వేసుకోండి.

అద్దెలో తేడా 12,000. దూరపు ఇంటి నుంచి ప్రయాణ ఖర్చు నెలకు ఒక 3,000 ఎక్కువ పడిందనుకుంటే అసలు మిగులు 9,000. సమయంలో తేడా ఒకవైపు 65 నిమిషాలు, రోజుకు 130 నిమిషాలు. నెలకు 22 పనిదినాలైతే దాదాపు 48 గంటలు. అంటే దూరంగా ఉండి మీరు మిగుల్చుకుంటున్నది గంటకు 190 రూపాయల లోపు. నెలకు 60,000 జీతం తెచ్చుకునే మనిషి రోజుకు ఎనిమిది గంటల చొప్పున 176 గంటలు పనిచేస్తే గంటకు 340 రూపాయలు వస్తున్నట్టు. ఆఫీసు 340 ఇచ్చే గంటను అద్దె మిగులు కోసం 190కే వదులుకుంటున్నారు. పైగా ఆ 48 గంటలు జీతం వచ్చే పని గంటలు కూడా కావు. పిల్లలతో గడపాల్సినవి, నిద్రపోవాల్సినవి, అమ్మతో ఫోనులో మాట్లాడాల్సినవి.

జీతం 25,000 అయితే ఇదే లెక్క తలకిందులవుతుంది. గంట విలువ 140 చిల్లర. అప్పుడు దూరపు ఇల్లే డబ్బు పరంగా సరైనది. ఐటీ భవనాల్లో భద్రతా సిబ్బందిగా, క్యాంటీన్లలో, హౌస్‌కీపింగ్‌లో పనిచేసేవారు రెండేసి బస్సులు మారి ఎందుకు వస్తారో ఇక్కడ తెలుస్తుంది. వాళ్లకు దగ్గరగా ఉండమని సలహా ఇవ్వడం న్యాయం కాదు. ఆ ప్రాంతంలో వాళ్ల జీతానికి దొరికే ఇళ్లు లేవు.

ఇంకో మలుపు. వారానికి మూడు రోజులే ఆఫీసుకు వెళ్లాలంటే నెలకు 13 రోజులు. కోల్పోయే సమయం 28 గంటలకు తగ్గుతుంది, ప్రయాణ ఖర్చు కూడా తగ్గి మిగులు 10,200 దాకా వస్తుంది. గంటకు 364 రూపాయలు. ఇప్పుడు 60,000 జీతగాడికి కూడా దూరపు ఇల్లు తప్పు కాదు. కనుక కిలోమీటర్లు లెక్కపెట్టే ముందు వారానికి ఎన్ని రోజులు వెళ్లాలో తేల్చుకోవాలి.

ఆఫీసు పక్కనే: ఐదు కిలోమీటర్ల లోపు

కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్, మణికొండ. పొద్దున పిల్లలను బడి బస్సు ఎక్కించి, తీరిగ్గా టిఫిన్ తిని వెళ్లవచ్చు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే పావుగంటలో ఉండవచ్చు. వృద్ధులు ఇంట్లో ఉన్నవారికీ పసిబిడ్డలున్నవారికీ ఈ ఒక్క సౌకర్యం చాలు, మిగతా లెక్కలు పక్కన పెట్టేయడానికి.

ఖర్చు అద్దెతో ఆగదని మాత్రం గుర్తుంచుకోవాలి. మెయింటెనెన్స్ ఎక్కువ, బడి ఫీజులు ఎక్కువ. వేసవిలో బోర్లు ఎండితే ట్యాంకర్ నీళ్ల ఖర్చును ఫ్లాట్లవారీగా పంచుతారు. 2024 వేసవిలో పశ్చిమ హైదరాబాద్ అంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. ఇల్లు చూసేటప్పుడు వంటగది అల్మరాల కంటే ముందు అడగాల్సింది మంజీర నీటి కనెక్షన్ ఉందా, గత ఏప్రిల్‌లో నెలకు ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు అని. వాచ్‌మన్‌ను అడిగితే నిజం తెలుస్తుంది.

మరో ఇబ్బంది కూడా ఉంది. ఉద్యోగాలు మారతాయి. ఆఫీసు పక్కనే అని 20 ఏళ్ల వాయిదాల మీద ఫ్లాటు కొన్న తర్వాత కొత్త ఉద్యోగం నగరానికి మరో చివరన పోచారంలోనో ఆదిభట్లలోనో వస్తే దగ్గరే దూరమవుతుంది. అందుకే దగ్గరగా ఉండటానికి అద్దె ఇల్లే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. కొనదలుచుకున్నవారు కొనుక్కోండి, కానీ కొన్న ఇంట్లోనే ఉండి తీరాలన్న పట్టుదల వద్దు. దాన్ని అద్దెకిచ్చి, ఆఫీసు దగ్గర మీరు అద్దెకు ఉండవచ్చు.

మెట్రో దారి మీద: పదిహేను నుంచి పాతిక కిలోమీటర్లు

నగర మెట్రో 2017 నవంబరులో మియాపూర్–నాగోలు మధ్య మొదలైంది. 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబరులో రాయదుర్గానికి చేరింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ దారి తెరుచుకున్నాక మొత్తం పొడవు 69 కిలోమీటర్లు అయింది. రాయదుర్గం తర్వాత ఇక లేదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట ఈ దారికి బయటే ఉన్నాయి. మెట్రోతో ఇల్లు ఎంచుకునేవారు ముందుగా గమనించాల్సింది ఇదే.

మెట్రోకు దగ్గరగా ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. ఏ దారి మీద ఉన్నారన్నది అంతకంటే ముఖ్యం. నాగోలు–రాయదుర్గం నీలి దారి మీద, అంటే ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట వైపు ఉంటే మారకుండా నేరుగా హైటెక్ సిటీలో దిగవచ్చు. మియాపూర్–ఎల్‌బీ నగర్ ఎర్ర దారి మీద దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్‌లో ఉంటే అమీర్‌పేటలో దిగి పైకో కిందికో వెళ్లి మారాలి. ఉదయం తొమ్మిదికి అమీర్‌పేట ప్లాట్‌ఫారం మీద ఒక్కోసారి మొదటి రైలు ఎక్కడం కుదరదు. ఇక్కడి రైళ్లకు మూడే బోగీలు, జనం నిండిపోతారు. మియాపూర్, కూకట్‌పల్లిలో ఉన్నవారికైతే మెట్రో చుట్టు దారి. ఇంటి పక్కనే స్టేషన్ ఉన్నా అమీర్‌పేట దాకా వెళ్లి మళ్లీ పడమరకు వెనక్కి రావాలి. అక్కడి నుంచి హైటెక్ సిటీకి బస్సో బండో సూటిగా వెళ్తాయి. కేపీహెచ్‌బీలో మెట్రో పక్కన అని ఎక్కువ అద్దె అడిగితే, మీ ఆఫీసు హైటెక్ సిటీలో అయితే ఆ ఎక్కువ ఇవ్వాల్సిన అవసరం లేదు.

డబ్బు విషయం కూడా సూటిగా చెప్పుకుందాం. 2025 మే నెలలో చార్జీలు పెరిగి, తర్వాత పది శాతం తగ్గించాక కనిష్ఠం 11, గరిష్ఠం 69 రూపాయలయ్యాయి. గరిష్ఠ చార్జీతో 22 రోజులు వెళ్లివస్తే 3,036 రూపాయలు. రెండు చివరలా షేర్ ఆటోలకు పెట్టేది దీనికి అదనం. అదే 25 కిలోమీటర్లు బైకు మీద వెళ్లివస్తే, లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి, లీటరు 107 రూపాయల లెక్కన నెలకు 2,600 చిల్లర. కాబట్టి మెట్రో బైకు కంటే చవక కాదు. కారుకంటే మాత్రం చాలా చవక. ట్రాఫిక్‌లో లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చే కారుకు అదే దూరానికి నెలకు 9,000 రూపాయలు పెట్రోలుకే పోతాయి.

అయినా మెట్రోనే ఎంచుకోమంటాను. ఆ గంటసేపు చేతులూ కళ్లూ ఖాళీగా ఉంటాయి. పుస్తకం చదువుకునేవారు, సివిల్స్‌కు సిద్ధమయ్యేవారు, కళ్లు మూసుకుని నిలబడేవారు అందరూ కనిపిస్తారు. వానా ట్రాఫిక్కూ అడ్డురావు. అమెరికాలో ఉద్యోగాలు చేసే 909 మంది మహిళల దినచర్యను అడిగి మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, రోజు మొత్తంలో అతి తక్కువ సంతోషాన్నిచ్చేదిగా తేలింది ఉదయం పనికి వెళ్లే ప్రయాణమే. తప్పని ప్రయాణం అంత భారమైనదైతే, అందులో కనీసం మన చేతుల్లో ఉండే భాగాన్ని కాపాడుకోవాలి కదా.

షరతు ఒక్కటే. ఇల్లు స్టేషన్‌కు నడిచి పది నిమిషాల్లో ఉండాలి. మెట్రో స్టేషన్‌కు మూడు కిలోమీటర్లే అని రాసిన ఇల్లు మెట్రో ఇల్లు కాదు. ఆ మూడు కిలోమీటర్లకు ఆటో వెతకడం, బండి పెట్టుకునే చోటు వెతకడం అన్నీ మళ్లీ మొదలవుతాయి. రాత్రి పదకొండు తర్వాత రైలు ఉండదు కాబట్టి ఆలస్యపు షిఫ్టులవారు ఈ దారి వదిలేయాలి.

ఇదే వరుసలో ఎంఎంటీఎస్, అంటే నగరంలో తిరిగే లోకల్ రైళ్ల గురించి. 2003 ఆగస్టులో మొదలైన ఈ రైళ్ల కనీస చార్జీ 5 రూపాయలే. లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ మీదుగా బేగంపేట, సికింద్రాబాద్, నాంపల్లి, ఫలక్‌నుమా వైపు వెళ్తాయి. టికెట్టు కొని వెళ్లేవాటిలో ఇంత చవక ప్రయాణం నగరంలో ఇంకొకటి లేదు. కానీ మెట్రోలాగా ఐదు నిమిషాలకొకటి రాదు. ఒక రైలు తప్పితే చాలాసేపు ఆగాలి. ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ స్టేషన్, మెట్రో హైటెక్ సిటీ స్టేషన్ పక్కపక్కన లేవు, పేరు చూసి మోసపోకండి. మీ పని వేళకు కచ్చితంగా సరిపోయే రైలు ఒకటి, అది పోతే వెళ్లడానికి బస్సు ఒకటి ఉన్నప్పుడే దీని మీద ఆధారపడండి.

బండి మీద

పది కిలోమీటర్ల వరకు ద్విచక్ర వాహనానికి పోటీ లేదు. గల్లీలు తెలుస్తాయి, పార్కింగ్ దొరుకుతుంది. పదిహేను దాటాక నాకు భయం. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 ప్రాణాల్లో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారివే. కొంపల్లి నుంచో బీఎన్ రెడ్డి నగర్ నుంచో రోజూ 25 కిలోమీటర్లు బైకు మీద గచ్చిబౌలికి రావాలనుకునే అన్నలకు, తమ్ముళ్లకు, అక్కలకు, చెల్లెళ్లకు నా విన్నపం ఒకటే. దయచేసి అద్దె మిగులు చూసి ఈ దారి ఎంచుకోకండి. కొన్నేళ్లకు నడుము నొప్పి మొదలుకావచ్చు. ప్రమాదం ఎప్పుడో చెప్పి రాదు.

విద్యుత్ స్కూటర్ ఖర్చును బాగా తగ్గిస్తుంది. రోజుకు 50 కిలోమీటర్లకు ఇంట్లో చార్జింగ్ పెడితే 20 రూపాయల లోపే. సమయాన్నీ ప్రమాదాన్నీ మాత్రం తగ్గించదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టుకోనిస్తారో లేదో అద్దె మాట్లాడేటప్పుడే తేల్చుకోండి.

ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉన్నవారు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. 2010లో చేసిన సవరణ ప్రకారం ఇంటి నుంచి పనికి వెళ్లేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు జరిగిన ప్రమాదాన్ని కూడా, ఆ సమయానికీ చోటుకీ ఉద్యోగంతో సంబంధం ఉందని రుజువైతే, పనిలో జరిగిన ప్రమాదంగానే పరిగణిస్తారు. ఈ సంగతి తెలియక పరిహారం అడగని కుటుంబాలు ఉండకూడదు.

అవుటర్ దాటి సొంత ఇల్లు

158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. అందుకే ఘట్‌కేసర్ నుంచో శంషాబాద్ నుంచో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు ఇన్ని నిమిషాలే అని ప్రకటనల్లో రాస్తారు. రోడ్డు మీద ఆ సమయం నిజమే. మీ కాలనీ నుంచి అవుటర్ ఎక్కే చోటు దాకా, దిగిన చోటు నుంచి ఆఫీసు దాకా పట్టే సమయం అందులో ఉండదు. నానక్‌రామ్‌గూడ దగ్గర దిగే వరుసలో నిలబడటమే ఒక్కోసారి సగం ప్రయాణమంత అవుతుంది.

ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. ఇంటికి ఒకే కారు ఉండి, రెండోవారు బైకు మీద వెళ్లాల్సిన కుటుంబానికి ఈ ఇల్లు ఒకరికి దగ్గర, ఇంకొకరికి సర్వీసు రోడ్డు మీద చాలా దూరం. రెండు వైపులా టోల్, పెట్రోలు, కారు అరుగుదల కలిపితే అద్దెలో మిగిలిందనుకున్నది నెల తిరిగేసరికి కనిపించదు.

ఈ దారి ఎవరికి నప్పుతుందో కూడా చెప్పాలి. వారానికి రెండు రోజులే ఆఫీసుకు వెళ్లేవారికి నప్పుతుంది. ఉదయం ఏడుకే పని మొదలయ్యేవారికీ, ట్రాఫిక్‌కు ఎదురు దిశలో వెళ్లేవారికీ నప్పుతుంది. షాద్‌నగర్, కొత్తూరు, పాశమైలారం వైపు కర్మాగారాల్లో పనిచేస్తూ కంపెనీ బస్సులో వెళ్లేవారికి ముప్పై, నలభై కిలోమీటర్లు అంత కష్టం కాదు. అందరూ నగరంలోకి వస్తున్నప్పుడు వాళ్లు బయటికి వెళ్తుంటారు.

పెద్ద ఇల్లు, మంచి గాలి దూరాన్ని మరిపిస్తాయని అంటారు. జర్మనీ కుటుంబాల సమాచారాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు అలోయిస్ స్టట్జర్, బ్రూనో ఫ్రే 2008లో చెప్పింది దీనికి భిన్నంగా ఉంది. ఎక్కువసేపు ప్రయాణించేవారు జీవితంపై తక్కువ తృప్తిని చెప్పారు. మంచి ఇల్లు, మంచి జీతం ఆ లోటును పూడ్చలేదు. ఇంటికి చేరేసరికి చీకటి పడితే ఆ పెద్ద బాల్కనీలో కూర్చునేది ఎప్పుడు?

మరో ఊరి నుంచి రైలు

కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు 132 కిలోమీటర్లు. అయినా రోజూ వచ్చిపోయేవారున్నారు. ఇటు హైదరాబాద్ నుంచి జనగామకూ, వరంగల్‌కూ వెళ్లే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులూ ఉన్నారు. అటు ఆంధ్రప్రదేశ్‌లో ఏలూరు, తెనాలి, గుంటూరు నుంచి విజయవాడకు, విజయనగరం నుంచి విశాఖకు సీజన్ టికెట్టు మీద తిరిగేవారికి లెక్కలేదు. రైల్వే 150 కిలోమీటర్ల దాకా నెలవారీ సీజన్ టికెట్టు ఇస్తుంది. రోజూ టికెట్టు కొనే ఖర్చులో సగం కూడా కాదు. రిజర్వేషన్ బోగీల్లో చెల్లదు, సూపర్‌ఫాస్ట్ రైలు ఎక్కాలంటే అదనపు రుసుము కట్టాలి.

గుంటూరు–విజయవాడ వంటి అరగంట, ముప్పావు గంట దూరాలకు ఇది చాలా మంచి ఎంపిక. అమ్మానాన్నలు ఉన్న సొంత ఊరు వదలనక్కరలేదు. అద్దె లేదు, రైలులో ఏళ్ల తరబడి కలిసి తిరిగే స్నేహాలు ఉంటాయి. రెండు గంటలు దాటే కాజీపేట వంటి దూరానికి మాత్రం బదిలీ వచ్చేదాకా, పిల్లల పదో తరగతి అయ్యేదాకా అని ఒక గడువు పెట్టుకోండి. గడువు లేకుండా మొదలుపెడితే ఆరోగ్యమే గడువు పెడుతుంది.

అంత దూరమైతే రోజూ తిరగడం కంటే వారానికోసారి వెళ్లడం నయం. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడికి మారినప్పుడు హైదరాబాద్ నుంచి వెళ్లిన ఉద్యోగులకు ఐదు రోజుల పనివారం ఇచ్చారు. చాలామంది శుక్రవారం సాయంత్రం రైలెక్కి ఆదివారం రాత్రికో సోమవారం తెల్లవారుజాముకో తిరిగి వెళ్లేవారు. పని ఊళ్లో ఒక గది, కుటుంబం మరో ఊళ్లో. పిల్లలు చిన్నవాళ్లైతే ఇది ఇంట్లో ఉన్నవారి మీద మోయలేని భారం వేస్తుంది. అది ఒక్కరు తీసుకునే నిర్ణయం కాకూడదు.

ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే

భర్తకు గచ్చిబౌలి, భార్యకు ఉప్పల్. నడిమధ్యన బేగంపేటలో ఉంటే సమానంగా ఉంటుందని చాలామంది లెక్క. ఆ సమానత్వం ఇద్దరికీ దూరమే మిగులుస్తుంది. నా సలహా వేరు. ఇంటి పని, పిల్లల పని ఎవరి మీద ఎక్కువ పడుతోందో నిజాయితీగా చూసుకుని, వారి ఆఫీసుకూ పిల్లల బడికీ దగ్గరగా ఉండండి. మన ఇళ్లలో ఎక్కువగా ఆ మనిషి భార్యే. పని వేళలు సర్దుకోగలిగినవారు, ఇంటి నుంచి పనిచేసే రోజులు ఎక్కువ ఉన్నవారు దూరం భరించాలి.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ తరగతుల ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. చిన్న జీతాల మహిళలకు ఇది దూరపు ఉద్యోగాలను కూడా అందుబాటులోకి తెచ్చింది. ఇల్లు వెతికేటప్పుడు బస్సు ఆగే చోటు నుంచి ఇంటి దాకా వీధిదీపాలు ఎలా ఉన్నాయో రాత్రి తొమ్మిదికి ఒకసారి నడిచి చూడండి. ఆ నడక భయం లేకుండా ఉంటేనే ఆ ఉచిత ప్రయాణం పనికొస్తుంది. రాత్రి షిఫ్టు అయితే కంపెనీ రవాణా ఇంటి గేటు దాకా వస్తుందా, ప్రధాన రోడ్డు మీదే వదిలేస్తుందా అని అడిగి తెలుసుకోవాలి. కంపెనీ క్యాబ్‌లో దారిలో ఎందరిని ఎక్కించుకుంటారో, మీరు ఎన్నోవారో కూడా. మొదట ఎక్కి చివర దిగేవారికి అరగంట దూరం గంటంబావు అవుతుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు

ఇవన్నీ కలిపి నా వరుస ఇది. ఐదు రోజుల ఆఫీసు, మధ్యతరగతి జీతం అయితే దగ్గరగా చిన్న అద్దె ఇల్లు. అది అందకపోతే నీలి దారి మీద స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే ఇల్లు. వారానికి రెండు మూడు రోజులైతే ఇంకా దూరం వెళ్లవచ్చు. కొనాలనుకుంటే మొదట ఆ ప్రాంతంలోనే ఏడాది అద్దెకు ఉండి, ఒక వానాకాలం చూశాక కొనండి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ దారి ఎలా ఉంటుందో ఏ బ్రోచర్‌లోనూ ఉండదు.

కొత్త ఉద్యోగంలో చేరుతున్నవారు ఇల్లు వెతకడానికి ముందే హెచ్ఆర్‌కు మెయిల్ రాసి, ఏ ప్రాంగణంలో కూర్చోవాలి, వారానికి ఎన్ని రోజులు రావాలి, ప్రాజెక్టు మారితే ప్రాంగణం మారుతుందా అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. మాదాపూర్ అని చెప్పి చేర్చుకుని మూడో నెలలో ఆదిభట్లకు పంపితే, ఇంటికి ఇచ్చిన రెండు నెలల అడ్వాన్సూ బడి ఫీజూ తిరిగి రాకపోవచ్చు. అద్దె ఒప్పందంలో కూడా నెల రోజుల ముందు నోటీసుతో ఖాళీ చేసే వీలు ఉండేలా రాయించుకోండి.